ఉక్కునగరంలో ఇల్లు కురిస్తే

వాననీరు లోపలికి వచ్చే చోటు ఒకటి, నష్టం చేసే చోటు మరొకటి. జంషెడ్‌పూర్ ఇళ్ల కప్పులు ఏటా చెప్పే పాఠం ఇది.

జూన్ రెండవ వారం దాటగానే జంషెడ్‌పూర్ వాసుల చూపు దల్మా కొండల వైపు మళ్లుతుంది. నగరానికి ఉత్తరాన సుమారు 3,000 అడుగుల ఎత్తున నిలిచిన ఆ కొండలను నల్లమబ్బు కమ్మిందంటే, వాన సువర్ణరేఖా నదిని దాటి నగరంపైకి రావడానికి ఎంతోసేపు పట్టదు. ఏడాది మొత్తంలో ఇక్కడ కురిసే 1,200 నుంచి 1,400 మిల్లీమీటర్ల వర్షంలో అధికభాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే పడుతుంది. అంతకు ముందు నెల ఎండ 40 డిగ్రీలు దాటి, రేకులను కాల్చి, గచ్చును బీటలు వార్చి పోయి ఉంటుంది. ఆ బీటలన్నింటినీ వాన ఒక్కొక్కటిగా వెదకి పట్టుకుంటుంది.

పైకప్పులోంచి నీరు కారితే తెలుగువారు ‘ఇల్లు కురుస్తున్నది’ అంటారు. ఆకాశానికీ ఇంటికీ ఒకే క్రియ వాడడంలో ఎంతో అనుభవం ఉన్నది. ఆకాశం కురిసి ఆగిపోతుంది. ఇల్లు మాత్రం వాన వెలిసిన తరువాత కూడా గంటల తరబడి కురుస్తూనే ఉంటుంది. ఆ కురవడం సైతం ఆగిపోయాక గోడలోపల మిగిలిపోయేదానికి మరొక పేరున్నది: నెమ్ము. కంటికి కనబడని ఈ నెమ్మే అసలైన శత్రువు.

ఇనుమును శాసించే నగరానికి నీటిచుక్కతో ఇంత గొడవ ఏమిటని ఎవరికైనా తోచవచ్చు. కాని ఇనుము గురించి బాగా తెలిసిన ఊరికే ఈ గొడవ సైతం బాగా తెలుస్తుంది.

ఒక నగరం, మూడు కప్పులు

టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడినప్పుడు ఇక్కడ ఉన్నది సాక్చి అనే పల్లె, దాని చుట్టూ సాల వృక్షాల అడవి. 1912లో తొలి ఉక్కు దిమ్మ తయారైంది. 1919లో నాటి వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్జీ టాటా పేరిట జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. కాళీమాటి రైలు స్టేషను టాటానగర్ అయింది. నగర నిర్మాణ ప్రణాళికలు ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు వచ్చినవి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెనెడీ, ఆక్సెల్ సాలిన్‌ల సంస్థ మొదటిది వేసింది. తరువాతివి ఎఫ్.సి. టెంపుల్, మేజర్ పి.జి.డబ్ల్యు. స్టోక్స్ రూపొందించారు. నాలుగవది 1940ల మధ్యలో జర్మనీ దేశస్థుడైన ఆటో కోనిగ్స్‌బర్గర్ తయారుచేసినది.

హిట్లరు పాలన కారణంగా స్వదేశం విడిచిన కోనిగ్స్‌బర్గర్ మైసూరు సంస్థానంలో ప్రధాన వాస్తుశిల్పిగా పనిచేశాడు. స్వాతంత్ర్యం వచ్చాక కేంద్ర ప్రభుత్వంలో గృహనిర్మాణ డైరెక్టరు అయ్యాడు. దేశవిభజనతో నిర్వాసితులైన వారికోసం ముందుగా పోతపోసిన పలకలతో త్వరత్వరగా ఇళ్లు కట్టాలని ఢిల్లీలో ఒక కర్మాగారం నెలకొల్పారు. అది ఆశించిన ఫలితం ఇవ్వలేదు. 1951లో ఆయన భారతదేశం విడిచి లండన్ చేరి, ఉష్ణదేశాల గృహనిర్మాణాన్ని బోధించడంలో శేషజీవితం గడిపాడు. 1965లో రాబర్ట్ లిన్ అనే సహచరునితో కలిసి ఆయన ప్రచురించిన చిన్న పుస్తకం పూర్తిగా వేడి, తేమ గల దేశాల పైకప్పుల గురించినదే. నగరాల పటాలు గీసిన మనిషి చివరకు కప్పు దగ్గర ఆగి ఆలోచించవలసి వచ్చిందన్నమాట. ఇటువంటి ప్రాంతంలో కప్పు ఎండనూ వాననూ రెండింటినీ ఆపాలి. ఒకదానికి అనుకూలమైనది రెండవదానికి అనుకూలం కాకపోవచ్చు.

నేటి జంషెడ్‌పూర్ చుట్టుపక్కల తిరిగి చూసినవారికి మూడు రకాల కప్పులు కనబడుతవి: దల్మా పాదాల పల్లెలలో పెంకు, బస్తీలలో రేకు, క్వార్టర్లలోను కొత్త కాలనీలలోను శ్లాబు. మూడూ కురుస్తవి. కురిసే తీరు మాత్రం వేరు.

పెంకు: ఏటా నేసుకునే కప్పు

సంతాల్, హో, భూమిజ్ పల్లెలలో మట్టిగోడల పైన సాలవాసాలు, వాటిపైన స్థానికులు ‘ఖపడా’ అని పిలిచే నాటు పెంకులు ఉంటవి. అర్ధవలయాకారపు ఈ చిన్న పెంకు ఏ ఒక్కటీ తనంత తానుగా వానను ఆపలేదు. బోర్లించినది ఒకటి, వెల్లకిల వేసినది ఒకటిగా వరుసలు పేర్చి, వాటానికి నీటిని జార్చివేయడమే దీని విద్య. గాలికో, పిల్లికో, కోతికో నాలుగు పెంకులు కదిలితే చాలు, ఆ చోట ఇల్లు కురుస్తుంది. అయితే ఎక్కడ కదిలిందో లోపలినుంచి తల ఎత్తి చూసినవారికి వెలుతురు చుక్క రూపంలో కనబడుతుంది. పెంకు కప్పు తన లోపాన్ని దాచుకోదు.

అందువలన పల్లెవాసులు ఎండాకాలం చివర కప్పును సరిచేసుకోవడం ఆచారంగా పెట్టుకున్నారు. కోస్తా ఆంధ్రలో రోహిణి కార్తెలో ఇల్లు నేయించి, మృగశిర కార్తెలో వచ్చే తొలకరికి సిద్ధంగా ఉండే పద్ధతి కూడా ఇటువంటిదే. వాన వెళ్లాక పని మరొక వైపు మళ్లుతుంది. కార్తిక అమావాస్య ప్రాంతంలో వచ్చే సోహ్‌రాయి పండుగకు ముందు సంతాల్ స్త్రీలు వానకు కరిగి, నెమ్మెక్కిన గోడలను కొత్త మట్టితో మెత్తి, అలికి, రంగుమన్నుతో చిత్రాలు వేస్తారు. చూసేవారికి అది కళ. ఇంటికి అది వార్షిక మరమ్మతు కూడా. వానకు ముందు కప్పు, వాన తరువాత గోడ అనే ఈ క్రమాన్ని ఏ ఇంజనీరు చెప్పినా ఇంతకంటె బాగా చెప్పలేడు.

రేకు: ఈ ఊరి సొంత కప్పు

రెండవ కప్పు ఈ నగరపు పరిశ్రమకే చెందినది. లండన్ రేవుల ఇంజనీరు హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో ఇనుప రేకును అలలుగా మడిచే పద్ధతికి పేటెంటు పొందాడు. పలుచని రేకుకు ఆ మడతలే వెన్నెముక. 1837లో ఫ్రాన్సు దేశస్థుడు స్టానిస్లాస్ సొరెల్ ఇనుమును కరిగిన జింకులో ముంచి తుప్పు నుంచి కాపాడే విధానం పేటెంటు చేశాడు. ఈ రెండూ కలిసి ప్రపంచమంతటా పేదవాని కప్పు అయినవి.

జింకు రేకు విషయంలో ఒక రహస్యం గ్రహించదగినది. 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకు ఇనుముపై అంటుకుని గట్టి పొరగా నిలుస్తుంది. ఆ పొరపై గీత పడి ఇనుము బయటపడినా, చుట్టూ ఉన్న జింకు తాను ముందుగా కరిగి ఇనుమును కొంతకాలం కాపాడుతుంది. తగరం అలా చేయదు. జంషెడ్‌పూర్‌లోని గోల్ముడీలో 1920లో ఏర్పడిన టిన్‌ప్లేట్ కంపెనీ (2024లో టాటా స్టీల్‌లో విలీనమైంది) తయారుచేసే తగరపు పూత రేకు ఆహారపు డబ్బాలకు చక్కగా పనికివస్తుంది. కాని ఆ పూత ఒకచోట చెదిరితే కింది ఇనుము మరింత త్వరగా తుప్పు పడుతుంది. పాత డబ్బాలు సాగగొట్టి కప్పు వేసుకున్నవారికి రెండు వానాకాలాలలోనే ఈ తేడా తెలిసివస్తుంది.

మంచి జింకు రేకు సైతం తన మధ్యభాగంలో కాక, మేకుల దగ్గర, అతుకుల దగ్గర కురుస్తుంది. దీనికి కారణం ఎండ. వేసవి మధ్యాహ్నం రేకు వేడికీ తెల్లవారుజామున దాని చల్లదనానికీ 40 డిగ్రీల తేడా ఉంటే, 6 మీటర్ల రేకు ప్రతిదినం దాదాపు 3 మిల్లీమీటర్లు సాగి మళ్లీ ముడుచుకుంటుంది. ఆ కదలికకు మేకు రంధ్రాలు పెద్దవవుతవి, రబ్బరు వాషర్లు ఎండకు గట్టిపడి పగులుతవి. అందుచేత మేకులూ మరలూ అల పల్లంలో గాక అల శిఖరం మీద బిగించాలి. పక్క రేకు మీద కనీసం ఒకటిన్నర అల మేర ఎక్కించాలి. పై వరుస రేకు కింది వరుసపై 150 మిల్లీమీటర్లయినా దిగాలి. గాలివాన ఏ వైపు నుంచి కొడుతుందో చూసి అతుకు నోరు దానికి వ్యతిరేక దిశలో ఉంచాలి. ఇవి పాటించక అతుకు మీద తారు మాత్రం పూస్తే, మరుసటి వేసవికి ఆ తారు సైతం పగులుతుంది.

రేకుల ఇంట్లో మరొక మోసం ఉన్నది. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున చుక్క వాన లేకపోయినా కప్పు నుంచి నీటిబొట్లు రాలుతవి. తలుపులు బిగించిన గదిలో వంట ఆవిరీ మనుషుల ఊపిరీ చల్లని రేకును తాకి నీరవుతవి. ఇది కారడం కాదు, చెమర్చడం. తారు పూసినవానికి డబ్బు దండగ. చూరు కింద గాలి ఆడేందుకు దారి ఉంచితే చాలు.

సిమెంటు రేకుల విషయంలో జాగ్రత్త మరింత అవసరం. పాతవాటిలో రాతినార, అనగా ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొరుగున చాయిబాసా సమీపంలోని రోరో గుట్టలలో 1983 వరకు దీనిని తవ్వారు. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. కనుక కురిసే పాత సిమెంటు రేకును పొడిగా కోయడం, తొలచడం, పగులగొట్టడం చేయరాదు.

జంషెడ్‌పూర్ బస్తీలలో రేకు ప్రశ్న కేవలం రేకు ప్రశ్న కాదు. ‘86 బస్తీలు’ అన్నమాట ఇక్కడి ఎన్నికల రాజకీయాలలో దశాబ్దాలుగా వినబడుతున్నది. తాముంటున్న స్థలంపై హక్కు కావాలన్నది ఆ బస్తీల కోరిక. స్థలం తనది అవునో కాదో తెలియనివాడు కప్పుపై ఎంత ఖర్చు చేయాలో తేల్చుకోలేడు. అతడు కప్పు బాగుచేయడు, ఈ ఏడు గడిచేలా చూస్తాడు. రేకుపై రాళ్లు, రాళ్ల కింద నీలిరంగు పట్టా అందుకు సాక్ష్యాలు.

శ్లాబు: మౌనంగా తాగే కప్పు

మూడవ కప్పు అన్నిటికంటె బలమైనదిగా కనబడుతుంది. అందుకే అది ఎక్కువ మోసం చేస్తుంది. పెంకు వెంటనే చెబుతుంది, రేకు చప్పుడు చేసి చెబుతుంది. శ్లాబు ఏళ్ల తరబడి నీరు తాగుతూ మౌనంగా ఉంటుంది.

కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఇనుప ఊచలకు రక్షణ. గాలిలోని బొగ్గుపులుసు వాయువు క్రమేణా లోపలికి పోయి ఆ క్షారగుణాన్ని తగ్గిస్తుంది. అప్పుడు నెమ్ము చేరితే ఊచ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటె రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకు కింది కాంక్రీటు పొర పగిలి, ఒకనాడు పెచ్చుగా ఊడిపడుతుంది. ఆ పెచ్చు కింద పసిపిల్ల నిద్రిస్తూ ఉండవచ్చు. పైన కనబడిన బీట వెంట్రుకవాసి మాత్రమే అయినా, ఫలితం కిలోల బరువున ఉంటుంది.

ఇందులో విషాదం ఏమంటే, ఊడిన చోట సిమెంటు మెత్తి సున్నం వేయడంతో చాలామంది తృప్తిపడతారు. తుప్పు లోపలే ఉన్నది, నీటి దారి పైనే ఉన్నది. గది వైపు నీరు చొరని రంగు పూయడం ఇంకా హానికరం. అది నెమ్మును ఆపదు, బయటికి పోనివ్వక గోడలోనే బంధిస్తుంది. తుప్పు పట్టిన ఊచను పూర్తిగా బయటపెట్టి, గీకి శుభ్రంచేసి, రక్షణపూత పూసి, ఆ తరువాతనే తగిన మిశ్రమంతో పూడ్చాలి. అంతకుముందే పైన నీరు నిలవకుండా వాటం సరిచేయాలి. 100కు 1 పాలు వాటం అయినా లేని డాబా మీద నీరు చెరువు కడుతుంది. పిట్టగోడ డాబాను కలిసే మూల, నీటిగొట్టం దిగే రంధ్రం, ట్యాంకు దిమ్మల మొదళ్లు ముందుగా చూడవలసిన చోట్లు. నీడనిచ్చే చెట్లు ఎక్కువగా ఉన్న ఈ నగరంలో ఆ గొట్టం నోరు ఆకులతో పూడిపోవడం సర్వసాధారణం. గుప్పెడు ఆకులు తీయకపోవడం వలన వేలరూపాయల నష్టం జరుగుతుంది.

నష్టం కట్టడానికే కాదు. నెమ్మూ బూజూ ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాసకోశ బాధలు హెచ్చుగా ఉంటవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రచురించిన మార్గదర్శకాలలో స్పష్టంచేసింది. నెమ్మెక్కిన గోడలోని విద్యుత్తు తీగ మరొక ప్రమాదం. తడిగోడ మీది స్విచ్చు చిమచిమలాడితే మెయిన్ ఆపి పనివానిని పిలవవలసిందే.

చక్రాల మీది ఇల్లు

కదిలే ఇంటికి కూడా ఈ బాధ తప్పదు. జంషెడ్‌పూర్ లారీలకు పుట్టినిల్లు. 1945లో రైలు ఇంజన్ల కోసం స్థాపితమైన టెల్కో కర్మాగారం 1954 నుంచి జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీలు తయారుచేసింది. దూరప్రయాణం చేసే డ్రైవరుకు లారీ క్యాబినే పడకగది. క్యాబిన్ కప్పు అతుకు దగ్గర దిగిన నీరు పరుపు కిందకు, అక్కడినుంచి నేల రేకు కిందకు పోయి, ఎవరూ చూడని చోట తుప్పు మొదలుపెడుతుంది.

అమెరికాలో కారు వెనుక తగిలించుకుని ఊరూరా తిరిగే ప్రయాణపు ట్రెయిలర్ల యజమానులు భయపడేది కూడా దీనికే. వెలుపల అల్యూమినియం తొడుగు మిలమిల మెరుస్తూ ఉంటుంది. కప్పు అంచున, గాలిగూడు చుట్టూ అంటించిన మెత్తని లప్పం ఎండకు ఎండి బీట వారుతుంది. నీరు చెక్క చట్రంలోకి దిగుతుంది. చెక్కలో తేమ 20 శాతం లోపున్నంతవరకు దానిని కుళ్లించే బూజు పెరగదు. తేమ అంతకు బాగా మించి, ఆరక నిలిచిందంటే చెక్క లోలోపల పొడి అయిపోతుంది. పాత ట్రెయిలరు కొనేవారు ముందుగా ముక్కుతో వాసన చూసి, బొటనవేలితో మూలలు నొక్కి, పాదంతో నేల తొక్కి చూడాలని అక్కడ అనుభవజ్ఞులు చెబుతారు. ఈ మూడు పరీక్షలూ బిష్టుపూర్ క్వార్టరుకైనా, మాంగో బస్తీ ఇంటికైనా వర్తిస్తవి.

నీటి దారి పట్టుకోవడం

మరక ఉన్నచోట పైన రంధ్రం ఉంటుందనుకోవడం అన్నిటికంటె పెద్ద పొరపాటు. నీరు వాసం వెంట, ఊచ వెంట, తీగ గొట్టం వెంట ఎంతో దూరం జారి, వీలు దొరికిన చోట రాలుతుంది. మరక నుంచి వాటానికి ఎదురుగా, ఎత్తు వైపు వెదకాలి. వాన మొదలైన ఎంతసేపటికి చుక్క పడుతున్నదో గమనించాలి. వెంటనే పడితే దారి సూటిగా ఉన్నది. మరునాడు పడితే ఎక్కడో నిలిచి నానుతున్నది. వానతో సంబంధం లేకుండా పడితే నీటిగొట్టాన్ని అనుమానించాలి.

గోడ నెమ్ము లోపలిదో, గదిలోని ఆవిరిదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉన్నది. మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు అంచులా బిగుతుగా అంటించి ఒక రాత్రి ఉంచాలి. గోడ వైపు నీటిబిందువులు కనబడితే నెమ్ము గోడలోనిది. గది వైపు కనబడితే గాలిలోనిది. శ్లాబు కిందిభాగాన్ని కర్రతో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట కాంక్రీటు విడిపోయిందని అర్థం. గోడపై తెల్లని ఉప్పుపొర తేలితే నీరు ఆ దారిన నడచిందనడానికి అది సంతకం.

నగరంలోని బర్మామైన్స్‌లో జాతీయ లోహశాస్త్ర పరిశోధనశాల ఉన్నది. 1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ దీనిని ప్రారంభించారు. తుప్పు స్వభావం అక్కడి శాస్త్రజ్ఞుల అధ్యయన విషయాలలో ఒకటి. తుప్పువలన ప్రపంచానికి ఏటా 2.5 లక్షల కోట్ల డాలర్ల నష్టమనీ, అది ప్రపంచ ఉత్పత్తిలో 3.4 శాతమనీ అమెరికాలోని తుప్పు నిరోధక ఇంజనీర్ల సంఘం 2016లో లెక్కకట్టింది. అంతటి మొత్తమూ చుక్కలు చుక్కలుగా పోయినదే.

సొంత కప్పు వచ్చిన నాడు

ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు పని వెదుక్కుంటూ తరతరాలుగా వచ్చిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో ఎన్నో ఉన్నవి. కదమాలోను, బిష్టుపూర్‌లోను తెలుగు మాట వినబడుతుంది. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వారి కూడలి. వారి జీవితాలలోను, ఇక్కడికి చేరిన బిహారీ, బెంగాలీ, ఒడియా, పంజాబీ కుటుంబాల జీవితాలలోను ఒక సమానమైన మలుపు ఉన్నది. ఉద్యోగం ఉన్నన్నాళ్లు కంపెనీ క్వార్టరు. కప్పు కురిస్తే ఫిర్యాదు రాయించడంతో తమ బాధ్యత తీరుతుంది. విరమణనాడు తాళంచెవి అప్పగించి, పొదుపు చేసిన సొమ్ముతో సువర్ణరేఖ అవతల మాంగోలోనో, ఖర్కాయి అవతల ఆదిత్యపూర్‌లోనో సొంత ఇంట అడుగుపెడతారు. ముప్పై ఏళ్లు ఉక్కు పోసిన చేతికి తన నెత్తిన ఉన్న ఉక్కుకు కాపలా కాయడం అప్పుడు కొత్త పని అవుతుంది.

ఇల్లు కట్టి చూడమన్నది పెద్దల మాట. కట్టిన ఇంటిని నిలుపుకోవడం అంతకంటె కష్టం. ఆ పని ఏడాదికి రెండుసార్లు వస్తుంది. రోహిణి ఎండలు ముగియకముందే డాబా ఊడ్చి, గొట్టాల నోళ్లు తీసి, బీటలు నింపాలి. వాన వెళ్లి గోడలు ఆరుతున్నప్పుడు మరకలకు సున్నం వేయకముందే అవి ఎక్కడినుంచి వచ్చినవో కనుక్కోవాలి. దల్మా పాదాన ఉన్న సంతాల్ ఇల్లాలు ఏటా చేస్తున్నది ఇదే. ఆమె గోడ మట్టిది కనుక మరమ్మతు మరచిపోవడానికి వీలులేదు. శ్లాబు కింద నివసించేవారికి మరచిపోయే వీలున్నది. ప్రమాదమంతా ఆ వీలులోనే ఉన్నది.